వంకలు పెట్టే నోరు కావలెను

మా ఇంట్లో కరెంటు పోతే పళ్ళు వెలిగించుకుంటాం. మామూలు కొవ్వొత్తి మా దగ్గర దొరకదు. పొద్దున కొని తెచ్చిన కొవ్వొత్తి సాయంత్రానికల్లా మా కోడలి చేతిలో పడి దవడ పన్ను అయిపోతుంది. పైన నాలుగు మొనలు, మధ్యలో గుంట, కింద రెండు వేళ్ళు, గుంటలోంచి వత్తి. ఒకసారి పక్కింటాయన కొవ్వొత్తి అడిగితే ఒకటి తీసిచ్చాను. ఆయన దాన్ని వెలిగించకుండా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎవరిదండీ?" అన్నాడు.

నాకు తెలియదు కానీ మా కోడలికి తెలుసు. లోపలి నుంచే చెప్పింది. "పాలు పోసే ఆయనదండీ. కింది వరసలో కుడివైపు చివరిది. మొన్న ఆవలించినప్పుడు చూశాను."

మా కోడలు కట్టుడు పళ్ళు చేసే మనిషి. డాక్టరు కాదు. డాక్టరు నోట్లోంచి అచ్చు తీసి పంపిస్తే, దానిలో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటిగా పేర్చి, మైనం పోయేలా కరిగించి, ఆ చోట గులాబిరంగు ముద్ద పెట్టి ఉడికించి, అరగదీసి, మెరుగుపెట్టి పంపే పని ఆమెది. పెళ్ళికి ముందు పేరున్న ల్యాబులో చేసేది. మా అబ్బాయి లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ ల్యాబు ఉన్న మేడలో లిఫ్టు ఇరుక్కుపోయిందంటే వెళ్ళాడు. లోపల ఇరుక్కుపోయిన మనిషి ఈ అమ్మాయే. వాడు తలుపు సందులోంచి తొంగిచూసి భయపడకండి అన్నాడట. ఆమె భయపడలేదు. "మీ పై కోరపన్ను కొంచెం పక్కకి తిరిగింది. బాగుంది. ఎవరన్నా సరిచేస్తామంటే ఒప్పుకోకండి" అంది. మావాడు లిఫ్టు బాగుచేసి, నవ్వుకుంటూ ఇంటికొచ్చి, నవ్వుతూనే నిద్రపోయి, నవ్వుతూనే లేచాడు. ఆ నవ్వు ఆగే దారి కనపడక పెళ్ళి చేశాం.

పెద్ద పాప పుట్టాక కొన్నాళ్ళు పని మానేసింది. చిన్న పాప పుట్టాక ఇంకొన్నాళ్ళు. మా ఆవిడ జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నాక మరికొన్నాళ్ళు. ఈ కొన్నాళ్ళన్నీ ఒక్కచోట చేరి చూసుకుంటే పదేళ్ళు దాటిపోయాయి. ఈలోగా ఆ ల్యాబు మూతపడింది. చేతులు మాత్రం ఊరుకోలేదు. సబ్బు పెడితే ముందుపళ్ళయ్యేది, బంగాళాదుంప ఇస్తే దవడయ్యేది. పిల్లలు బడిలో మట్టితో బొమ్మ చేయమంటే అందరూ పిల్లీ కుక్కా చేశారట, మా చిన్నది మాత్రం జ్ఞానదంతం చేసి, అది కొంచెం అడ్డంగా వచ్చిందని టీచరుకు వివరంగా చెప్పిందట.

పిల్లలు కొంచెం పెద్దవాళ్ళయ్యాక ఉద్యోగం కోసం తిరగడం మొదలుపెట్టింది. వెళ్ళిన ప్రతి ల్యాబులోనూ ఒకటే ప్రశ్న. మధ్యలో ఇంత ఖాళీ ఏమిటండీ అని. ఒకరోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"రెండు పళ్ళ మధ్య ఖాళీ పూడ్చమంటే పూడుస్తాను మామయ్యా. ఈ ఖాళీకి ఏ ముద్ద పెట్టాలో నాకు తెలీదు."

"మీ అన్నయ్య ఏమంటున్నాడు?" అన్నాను.

"తన చెప్పుల కొట్లో గల్లా పెట్టె దగ్గర కూర్చోమంటున్నాడు. కూర్చుంటే పాదాలే కదా కనపడేది. పాదాలకి పళ్ళుండవు."

అలాంటి సమయంలో ఒక సంస్థ సంగతి తెలిసింది. పని మానేసి మళ్ళీ మొదలుపెట్టాలనుకునే ఆడవాళ్ళకు ఊరికే సాయం చేసే సంస్థ అది. కళ్ళజోళ్ళ కొట్టు పైన, రెండో అంతస్తులో ఉంది. పసుపురంగు గోడలు, పెద్ద కిటికీలు, వరసగా బల్లలు. ఎవరి పనికి కావలసిన పనిముట్లు వాళ్ళకు ఇస్తారు. చేయి తిరిగేదాకా సాధన చేసుకోనిస్తారు. ఆ తర్వాత ఉద్యోగం ఇచ్చేవాళ్ళతో మాట్లాడి పంపిస్తారు. మా కోడలికి ఒక బల్ల, మంట పెట్టుకునే చిన్న దీపం, ప్లాస్టరు, మైనం, ఆకురాళ్ళు, ఎవరో దానం చేసిన రెండు బస్తాల పళ్ళు ఇచ్చారు. బస్తాలో చెయ్యి పెట్టి ఆమె నవ్విన నవ్వు చూస్తే, ధాన్యం కొలవడానికి వచ్చిన రైతు గుర్తొచ్చాడు నాకు.

సంస్థను నడిపేది పెద్దమేడం. నిజంగా మంచి మనిషి. ఆమె కూడా ఒకప్పుడు పిల్లల కోసం ఉద్యోగం మానేసి మళ్ళీ వెళ్ళిందట. మొదటిరోజే ఏదో చిన్న పొరపాటు చేస్తే గది మొత్తం నవ్విందట. ఆ రోజంతా మెట్ల మీద కూర్చుని, మళ్ళీ లోపలికి వెళ్ళలేదట. అందుకని తన సంస్థకు ఒక్కటే నియమం పెట్టుకుంది. ఈ కప్పు కింద ఎవరి పనికీ ఎవరూ వంక పెట్టకూడదు.

ఆ నియమం ఎంత గట్టిదంటే, ఆ ఆడవాళ్ళ సాధనకు ఒళ్ళో నోరో అప్పగించడానికి వచ్చే మాలాంటి వాళ్ళకు ముందుగా మెచ్చుకోవడంలో శిక్షణ ఇచ్చేవాళ్ళు. పనిని బట్టి మూడేసి వాక్యాలు నేర్పేవాళ్ళు. గుండె మీద చెయ్యి పెట్టి, ఆ వాక్యాలు తప్ప ఇంకేమీ అనమని మాట ఇవ్వాలి. నేను సిస్టర్ల బడిలో చదివినవాణ్ణి. ఇచ్చిన మాట తప్పినవాణ్ణి నరకంలో ఏ మూల కూర్చోబెడతారో వాళ్ళు నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చూపించారు. అందుకని మాట ఇచ్చానంటే ఇచ్చినట్టే.

అక్కడ ఒక కుట్టుపని ఆవిడ నాకు చొక్కా కుట్టింది. ఎడమ చెయ్యి మోకాలి దాకా వచ్చింది. "ఎంత విశాలంగా ఉందమ్మా" అన్నాను. అది కుట్టుపనికి సంబంధించిన మొదటి వాక్యం. ఒక రొట్టెలావిడ ఉండేది. ఆమె రొట్టెను గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాళ్ళం. రొట్టె మారకుండా మూడు తలుపులు మారాయి. ఆమెను చూసినప్పుడల్లా అందరం కడుపు నిమురుకుంటూ, "తిన్నట్టుందమ్మా" అనేవాళ్ళం.

మా కోడలికి కావలసింది పళ్ళు లేని నోళ్ళు. నాకు పళ్ళు లేవు, తీరిక ఉంది. నాతోపాటు మా వీధిలో బ్యాండు మాస్టారు వచ్చాడు. పెళ్ళిళ్ళలో ట్రంపెట్ ఊది ఊది చివరికి పళ్ళు కూడా ఊదేసుకున్న మనిషి. లెక్కల మాస్టారు వచ్చాడు. సంస్థ ఉన్న సందు చివరి పళ్ళడాక్టరు మా ముగ్గురికీ అచ్చులు తీసిచ్చాడు. మూడు సెట్లూ తయారయ్యాయి. తెల్లగా, వరసగా, చూడముచ్చటగా ఉన్నాయి.

పెట్టుకున్నాను. కింది చిగురులో మేకు దిగినట్టనిపించింది.

"ఎలా ఉన్నాయి మామయ్యా?" అంది మా కోడలు.

వెనకాల పెద్దమేడం చేతులు కట్టుకుని చిరునవ్వుతో నిలబడి ఉంది. నేను గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. "చాలా హాయిగా ఉన్నాయమ్మా. ముఖానికి వయసు తగ్గింది."

బ్యాండు మాస్టారు కూడా చాలా హాయిగా ఉందన్నాడు. అనడానికి నోరు తెరిస్తే పై వరస జారి కింది వరస మీద టక్కున పడింది. ఆయన ఏ మాట మాట్లాడినా ఆ టక్కు టక్కు పడుతూనే ఉండేది. బ్యాండులో పనిచేసిన మనిషి కాబట్టి రెండు రోజుల్లో దానికి తాళం కుదుర్చుకున్నాడు. లెక్కల మాస్టారి సంగతి ఇంకా ఘోరం. ఆయన బస్సులో కిటికీ పక్కన కూర్చుని తుమ్మాడు. రెండు వరసలూ కిటికీలోంచి ఎగిరి, ఎదురుగా వస్తున్న ఇంకో బస్సు కిటికీలోంచి దూరి, ఖాళీ సీట్లో కూర్చున్నాయి. ఆ బస్సు కండక్టరు వచ్చి టికెట్టు అడిగాడట. అవి నవ్వుతూనే ఉన్నాయట గానీ జవాబు చెప్పలేదట. చివరి స్టాపులో దింపేశాడు. లెక్కల మాస్టారు వాటిని వెతికి తెచ్చుకుని, కడిగి పెట్టుకుని, మర్నాడు సంస్థకొచ్చి, "ముఖానికి వయసు తగ్గింది" అన్నాడు. ఆయన ముఖం ఆ ఒక్కరోజులో పదేళ్ళు పెరిగింది.

ఇంత మెచ్చుకోలు వింటున్నా మా కోడలి ముఖంలో మాత్రం వెలుగు లేదు. రాను రాను అన్నం ముందు కూర్చుని ఆలోచనలో పడిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆమె అనుకున్నదానికంటే ముందే ఇంటికి వచ్చింది. నేను రొట్టెముక్క పాలల్లో నానబెట్టుకుని చప్పరిస్తున్నాను. పళ్ళు చొక్కా జేబులో ఉన్నాయి.

"పళ్ళేవి మామయ్యా?"

జేబు తట్టి చూపించాను.

"తినేటప్పుడు జేబులో, నేనొచ్చినప్పుడు నోట్లోనా?"

"వాడితే అరిగిపోతాయని" అన్నాను.

ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకు మొదట్నుంచీ అనుమానమే. మొదటిసారి పెట్టుకున్న పళ్ళు ఎవరికీ కుదరవు. ఎంత గొప్పవాడు చేసినా కుదరవు. ఇక్కడ గుచ్చుతోందంటే అక్కడ గీకాలి, అక్కడ లేస్తోందంటే ఇక్కడ పోయాలి. అదే అసలు పని. ముగ్గురికి ముగ్గురూ హాయిగా ఉందంటే నేనెక్కడ గీకను? చెప్పండి, ఎక్కడ నొప్పి?"

నేను పళ్ళు తీసి నోట్లో పెట్టుకున్నాను. "చాలా హాయిగా ఉన్నాయమ్మా" అన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంత ఆమె మీద ప్రేమ, మిగతాది కింది చిగురు.

"మీరు మాటిచ్చారు కాబట్టి చెప్పరు. నాకు తెలుసు. కానీ వినండి. వచ్చే నెల మొదటి సోమవారం పెద్ద ల్యాబు యజమాని నన్ను రమ్మన్నాడు. మేడం మాట్లాడి ఒప్పించింది. ఖాళీ ఒక్కటే ఉంది. ఒక సెట్టు పళ్ళు, వాటిని పెట్టుకునే మనిషి, రెండూ తెమ్మన్నాడు. కుదిరితే ఉద్యోగం. లేదంటే అన్నయ్య చెప్పుల కొట్టే. ఈ ఊళ్ళో నేను అడగని ల్యాబు ఇంకోటి లేదు. అసలు నా చేతులు పనిచేస్తున్నాయో లేదో నాకే తెలీటం లేదు. మెచ్చుకుంటే ఎలా తెలుస్తుంది మామయ్యా? నాకు వంక కావాలి."

పక్కగదిలోంచి గొంతు వినపడింది. "ఈ ఇంట్లో వంకకి ఎదురుచూసే రోజు వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు."

అది మా ఆవిడ.

మా ఆవిడ గురించి నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క ఎక్కువ లేదు. సూర్యుడు పొద్దున మరీ తొందరగా వస్తున్నాడని, సాయంత్రం ఏ పనీ పూర్తికాకుండానే పోతున్నాడని ఆమెకు కంప్లైంటు. వాన పడితే ఒక పక్కకే పడుతుందంటుంది. మా పెళ్ళి ఫోటోలో ఫోటోగ్రాఫరు లేడు కాబట్టి బతికిపోయాడంటుంది. పళ్ళు ఎప్పుడో పోయాయి. డాక్టర్లు రెండు మూడుసార్లు కట్టించారు. ప్రతిసారీ గుచ్చుతున్నాయని చెప్పింది. డాక్టరు "అలవాటవుతుందమ్మా" అన్నాడు. ఆ మాట వినగానే వాటిని తీసి డబ్బాలో పడేసింది. సాధన నోళ్ళు కావాలని సంస్థవాళ్ళు అడిగినప్పుడు తనూ వెళ్ళింది. పెద్దమేడం పలకరింపుగా "మా గది ఎలా ఉందమ్మా?" అని అడిగిందట. మా ఆవిడ జవాబు మొదలుపెట్టిందట. అది పూర్తయ్యేసరికి గదిలో ఇంకెవరూ లేరట. ఆమెను తీసుకోలేదు.

అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి జోలికి ఒకరు వెళ్ళేవాళ్ళు కాదు. మా ఆవిడ ఏమన్నా కోడలు "సరే అత్తయ్యా" అని పక్కగదిలోకి తప్పుకునేది. అలాంటిది ఆ రోజు కోడలు తానే ఆమె గదిలోకి వెళ్ళింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"అత్తయ్యా, మీకు పళ్ళు చేస్తాను. ఎక్కడ ఎలా ఉందో దాచకుండా చెప్తారా?"

"దాచడం నాకు రాదు."

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నావా? తర్వాత ఏడవకు."

సాయంత్రం ఈ సంగతి విని మా అబ్బాయి పెళ్ళాన్ని పక్కకు పిలిచాడు. "మా అమ్మ నోట్లో చెయ్యి పెడతావా? నేను తెగిన తీగ మీద వేలాడే లిఫ్టులు చూశాను. ఇంత ధైర్యం ఎక్కడా చూడలేదు."

అచ్చు తీశారు. అచ్చు తీస్తున్నంతసేపూ నోటినిండా ముద్ద ఉండటంతో మా ఆవిడ మాట్లాడలేకపోయింది. ఆ కాసేపు మా ఇంట్లో ఎంత నిశ్శబ్దమో, పక్కింటివాళ్ళు ఏమన్నా అయ్యిందేమోనని చూడటానికొచ్చారు.

పళ్ళు తయారయ్యాక చిక్కొచ్చింది. బల్ల, దీపం, ఆకురాళ్ళు అన్నీ సంస్థలోనే ఉన్నాయి. అక్కడ మా ఆవిడ నోరు తెరిస్తే నియమం తప్పుతుంది. పెద్దమేడం రెండు చేతులూ జోడించి బతిమాలింది. "ఈ కప్పు కింద వద్దమ్మా. ఒక్కసారి మొదలైతే ఆపలేం. మిగతావాళ్ళ గుండె పగిలిపోతుంది."

మా ఆవిడ తలెత్తి కప్పు చూసింది. "మధ్యలో నెర్రె ఇచ్చింది" అంది. తర్వాత "దీని పైన ఏముంది?" అంది.

పైన డాబా ఉంది.

బ్యాండు మాస్టారూ లెక్కల మాస్టారూ నేనూ బల్ల పట్టుకుని మెట్లెక్కించాం. కప్పు కింద వద్దన్నారు, మేం కప్పు మీదకి వచ్చాం. పెద్దమేడం కాసేపు ఆలోచించి, అందులో నియమం తప్పిందేమీ లేదని ఒప్పుకుంది. ఆమె న్యాయం తెలిసిన మనిషి.

ఆ డాబా మీద, నడినెత్తిన ఎండలో, మా ఆవిడ మొదటిసారి పళ్ళు పెట్టుకుని మొదలుపెట్టింది.

"ఎడమవైపు చివర ఇసుకరేణువు నలిగినట్టుంది. ముందువైపు పెదవిని లోపల్నుంచి ఎవరో తోస్తున్నారు. కుడివైపు నమిలితే ఎడమవైపు లేస్తోంది. నాలిక తిప్పడానికి చోటు లేదు, అద్దె ఇంట్లో ఉన్నట్టుంది."

మా కోడలు ఒక్కొక్క మాటా వింటూ, వేలితో తడుముతూ, గుర్తు పెట్టుకుంటూ, గీకుతూ ఉంది. చేతులు చకచకా కదులుతున్నాయి. పదేళ్ళుగా నేను ఆమె ముఖంలో అలాంటి వెలుగు చూడలేదు. గీకి, కడిగి, మళ్ళీ పెట్టి, "ఇంకా?" అంది.

మా ఆవిడ కోడలి ముఖంలోకి తేరిపార చూసింది. "ఇంకా అని నన్ను అడిగిన మనిషివి నువ్వే మొదలు" అంది. అని మళ్ళీ అందుకుంది. "దవడ కింద ఒక మొన ఉంది. ఆవలిస్తే దిగుతుంది."

రోజూ ఇదే పని. రెండో వారానికల్లా మా ఆవిడ వంకలు సన్నబడ్డాయి. మొదట్లో మొన అన్నది సూది అయ్యింది, సూది ముల్లయ్యింది, ముల్లు వెంట్రుకయ్యింది. ఆ వెంట్రుకని కూడా మా కోడలు వదల్లేదు.

ఈలోగా డాబా సంగతి పొక్కింది. నేను కప్పు మీద ఉన్నాను కాబట్టి మాట తప్పినట్టు కాదని లెక్కేసుకుని, నా కింది చిగురు సంగతి మొత్తం చెప్పేశాను. బ్యాండు మాస్టారు టక్కు టక్కుమంటూనే అరగంట చెప్పాడు. ఆయన పళ్ళు సరిచేశాక ఆ తాళం పోయినందుకు కొంచెం దిగులుపడ్డాడు కూడా. తర్వాత రొట్టెలు తిన్నవాళ్ళు రావడం మొదలుపెట్టారు. చొక్కాలు తొడుక్కున్నవాళ్ళు వచ్చారు. రొట్టెలావిడా కుట్టుపనావిడా తామే పైకొచ్చి నిలబడి చెప్పమన్నారు. కింద పసుపురంగు గదిలో అందరూ ఒకరినొకరు మెచ్చుకుంటున్నారు, మెచ్చుకోవడం అవగానే మెట్లెక్కి వచ్చి అసలు సంగతి చెప్పి మళ్ళీ దిగి వెళ్తున్నారు. మెట్ల మీద ఒకటే రద్దీ.

ఎండలో అంతమంది మాడిపోతున్నారని పెద్దమేడానికి జాలేసింది. డాబా మీద టార్పాలిన్ కట్టించింది. అది కట్టగానే చిక్కొచ్చిపడింది. మా ఆవిడ పళ్ళ గురించి నోరు తెరవబోతే లెక్కల మాస్టారు తల పైకెత్తి చూసి, "అమ్మా, మన నెత్తిన కప్పుంది" అన్నాడు. వెంటనే అందరం గుండె మీద చేతులు పెట్టుకున్నాం. రొట్టె తిన్నట్టుంది, చొక్కా విశాలంగా ఉంది, పళ్ళు హాయిగా ఉన్నాయి. మధ్యాహ్నం దాకా ఒక్క పనీ సాగలేదు. చివరికి టార్పాలిన్ విప్పించాక గానీ ఎవరికీ ఊపిరి ఆడలేదు.

విప్పిస్తున్నప్పుడు పెద్దమేడం పైమెట్టు మీద నిలబడి ఉంది. ఆమె తల డాబా పైనుంది, కాళ్ళు కిందున్నాయి.

"వీళ్ళకి బాధగా లేదా?" అని మా కోడల్ని అడిగింది.

రొట్టెలావిడ జవాబు చెప్పింది. "ఉంది మేడం. రాత్రి ఏడ్చాను. పొద్దున పిండి ఇంకాసేపు నానబెట్టాను. ఇదిగో, తుంచి చూడండి."

రొట్టె తునిగింది. పెద్దమేడం ఆ ముక్క నోట్లో పెట్టుకుని, తల డాబా మీదే ఉందని చూసుకుని, నెమ్మదిగా, "ఉప్పు తక్కువైంది" అంది. అని తనకు తనే ఉలిక్కిపడి గబగబా కిందకు దిగిపోయింది.

సోమవారం వచ్చింది. మా కోడలు, మా ఆవిడ, నేను, ధైర్యం చెప్పడానికి పెద్దమేడం, నలుగురం ల్యాబుకు వెళ్ళాం. పొడుగాటి గది. వరసగా బల్లలు, ఒక్కో బల్లకు ఒక్కో దీపం, మరుగుతున్న నీళ్ళు, మైనం వాసన. కిటికీ పక్కన ఒక బల్ల ఖాళీగా ఉంది. మా కోడలు దాన్ని చూసి మళ్ళీ అటు చూడలేదు.

యజమాని సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉండే మనిషి. పళ్ళు తీసి ఇమ్మన్నాడు. మా ఆవిడ తీసి గిన్నెలో పెట్టింది. ఆయన దీపం కింద తిప్పి చూశాడు. లోపలివైపు అంతా గీకిన గుర్తులు, పోసిన అతుకులు, మళ్ళీ గీకిన గుర్తులు.

"ఇదేంటమ్మా, ఎలకలు కొరికినట్టుంది" అన్నాడు.

"చాలా అందంగా ఉన్నాయండీ" అంది పెద్దమేడం, అలవాటు కొద్దీ.

"అందంగా లేవు" అంది మా కోడలు. "మెరుగు పెట్టడానికి టైము సరిపోలేదు. గీకడానికే సరిపోయింది."

ఆయన పెదవి విరిచి సెట్టును గిన్నెలో పెట్టేశాడు. "నా దగ్గరికి వచ్చే డాక్టర్లు ముందు మెరుగు చూస్తారమ్మా. చెయ్యి అలవాటు తప్పింది. పదేళ్ళంటే తక్కువ కాదు." వేరే పని మీద పక్క బల్ల వైపు తిరిగాడు. మా కోడలు చేతులు రెండూ ముందుకు చాచి వాటికేసి చూస్తూ నిలబడిపోయింది.

మా ఆవిడ గిన్నెలోంచి పళ్ళు తీసి నోట్లో పెట్టుకుంది. ఆమెకు ఆ మనిషితో చెప్పాల్సింది చాలా ఉంది, పళ్ళు లేకుండా చెప్పడం ఆమెకిష్టం లేదు.

"ఏమయ్యా, ఇంతమంది కూర్చుని కళ్ళు చించుకుని చేసే పని కదా, కిటికీలకి ఆ మసేంటి? నన్ను కూర్చోబెట్టిన కుర్చీకి ఒక కాలు పొట్టి. వచ్చిన దగ్గర్నుంచి ఓడలో ఉన్నట్టుంది. మంచినీళ్ళు అడక్కుండా ఇవ్వాలని ఎవరూ చెప్పలేదా? సరే, ఆ బిస్కట్లన్నా ఇటివ్వు." పళ్ళెంలోంచి బిస్కట్టు తీసుకుని కొరికింది. "మెత్తబడింది. డబ్బాకి మూత సరిగ్గా పెట్టరు." ఇంకోటి తీసుకుంది. "ఇది మరీ అన్యాయం." పక్కనే ఎవరిదో యాపిల్ ఉంటే అదీ తీసుకుని కసుక్కున కొరికి, నములుతూనే, "పుల్లగా ఉంది. కొనేటప్పుడు చూసుకోవద్దూ?" అంది. అక్కణ్ణుంచి గోడల రంగు మీదకు వెళ్ళింది. అక్కణ్ణుంచి యజమాని క్రాపు మీదకు వెళ్ళింది.

ల్యాబులో ఆకురాళ్ళ చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. యజమాని వెనక్కి తిరిగాడు. క్రాపు గురించి ఏదో అంటాడనుకున్నాను. ఆయన మా ఆవిడ మాట వినడం లేదు, నోరు చూస్తున్నాడు. పై వరస జారడం లేదు. కింది వరస లేవడం లేదు. యాపిల్ తొక్క కూడా వదలకుండా నలిగిపోతోంది. ఒక్క టక్కు లేదు, ఒక్క ఈల లేదు. ఆయన నెమ్మదిగా దగ్గరకొచ్చి, వంగి, దవడ పక్కనుంచి చూశాడు.

"అమ్మా, పళ్ళెలా ఉన్నాయి?"

మా ఆవిడ మాట మధ్యలో ఆపినందుకు చిరాగ్గా చూసింది. "ఏ పళ్ళు?" అంది.

మా ఆవిడ నాలికతో లోపల ఒకసారి తడుముకుంది. ఆ తడుముకోవడంలో ఆమె ముఖం మారింది. ఎంత వెతికినా ఏమీ దొరకనట్టుంది. కాసేపటికి కోడలి వైపు చూసి, కొంచెం కోపంగా, "ఇవా?" అంది.

యజమాని నిటారుగా నిలబడ్డాడు. "ఎన్నిసార్లు గీకావమ్మా?"

"అత్తయ్య ఊరుకునేదాకా" అంది మా కోడలు.

"మెరుగు పెట్టడం నెల రోజుల్లో వచ్చేస్తుంది. ఇది రాదు." ఆయన కిటికీ పక్క బల్ల చూపించాడు. "రేపటినుంచి రా."

"ఇవాళ పనేమీ లేదాండీ?" అంది మా కోడలు.

ఆయన ఒక క్షణం చూసి, విరిగిన సెట్టు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా కోడలు సంచి బల్ల కింద పెట్టి, కూర్చుని, దీపం దగ్గరకు లాక్కుని, ఆ ముక్కల్ని వెలుగులో పట్టుకుని చూసింది. ఎవరిదో కింది దవడ. చూస్తూ చూస్తూ చిన్నగా నవ్వుకుంది.

మేం ముగ్గురం వెళ్ళొస్తామని చెప్పాం. వినపడలేదు. పెద్దమేడం ఇంకోసారి చెప్పి, ఏదో మెచ్చుకోబోయి, ఊరుకుంది. మా ఆవిడ నా మోచెయ్యి పట్టి లాగింది.

"పదండి. మనం ఉన్నామో పోయామో కూడా తనకి తెలీదు."

వీధి చివరికొచ్చాక గుర్తొచ్చింది, ఇంటి తాళంచెవి కోడలి సంచిలో ఉండిపోయింది. వెనక్కి వెళ్ళి అడగడానికి నాకు మనసొప్పలేదు. మా ఆవిడ కేసి చూశాను. ఆమె ల్యాబు కిటికీ కేసి చూసింది. మసిగా ఉన్నా లోపల దీపం కనపడుతోంది.

"వద్దులెండి. పని చేసుకోనివ్వండి" అంది.

సాయంత్రం మా అబ్బాయి వచ్చేదాకా ఇద్దరం మా ఇంటి గడప మీద కూర్చున్నాం. గడప ఇరుకుగా ఉందని, రాయి వేడిగా ఉందని, దాన్ని కట్టినవాడికి కూర్చోవడం తెలియదని మా ఆవిడ చెబుతూనే ఉంది. నాకెందుకో ఆ రోజు తోచింది.

"ఇంకా?" అన్నాను.